ఆవిడ రాసేవారు, ఆయన కుట్టేవారు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. అవతల మా చర్చి ఆర్గన్ ఆంటీ భర్త, మేమంతా అంకుల్ అనే ఆయన. ఇన్నేళ్లలో ఆయన మా ఇంటికి ఫోన్ చేయడం అదే మొదటిసారి. "హలో" అన్న ఒక్క మాటకే భుజాన ఉన్న బ్యాగు తీసి కింద పెట్టేశాను.

"అమ్మా, మీ ఆంటీ ఇంకా లేవలేదు" అన్నారాయన, చాలా నెమ్మదిగా. "టీ పెట్టి పక్కన ఉంచాను. చల్లారిపోయింది. ఇంకోటి పెట్టాను. అదీ చల్లారిపోయింది."

"వస్తున్నా అంకుల్, మీరు అక్కడే కూర్చోండి" అన్నాను. సిడ్నీ శివారు టూంగాబీలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య రెండు మూడు వీధులే. ఆ కాస్త దూరం కారు నడుపుతూ నేను భయపడింది ఆంటీ గురించి కాదు. ఆవిడ సంగతి ఆయన గొంతులోనే అర్థమైపోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన ఒక్కరే ఉన్నారు, అదీ నా భయం. ఎందుకో చెప్పాలంటే ఆవిడ గురించి మొదటి నుంచీ చెప్పాలి.

సిడ్నీ పడమటి వైపు ఉండే మన తెలుగు చర్చి కుటుంబాలకు ఆవిడను పరిచయం చేయనక్కర్లేదు. తెలియనివారి కోసం రాస్తున్నాను. మా సంఘంలో ఆంటీలకు కొదవలేదు, ఆదివారం ఆర్గన్ వాయించేది మాత్రం ఈవిడొక్కరే. అందుకని పిల్లలు ఆర్గన్ ఆంటీ అని పేరు పెట్టారు. పెద్దవాళ్లమూ అదే అలవాటు చేసుకున్నాం. సన్నగా, పొట్టిగా ఉండేవారు. నేతచీర మీద బూడిదరంగు కార్డిగన్, చలైనా ఎండైనా.

ఆవిడంత పిరికి మనిషిని నేను చూడలేదు. సెప్టెంబర్ వచ్చిందంటే ఇక్కడ మాగ్‌పై పిట్టలు గూళ్లు పెట్టుకుని, కింద నడిచేవాళ్ల నెత్తి మీదికి దూకుతాయి కదా. ఆ నెలంతా ఆవిడ ఎండా వానా లేకపోయినా గొడుగు విప్పుకునే చర్చికి వచ్చేవారు. కారు ఎక్కే ముందు లోపల సాలీడు ఉందేమోనని చీపురుతో నాలుగు వైపులా తట్టేవారు. హైవే ఎక్కేవారు కాదు, ఎంత చుట్టైనా చిన్న రోడ్లే. ఒకసారి ఆరాధన మధ్యలో గ్యాస్ కట్టేశానో లేదో అని లేచి ఇంటికి వెళ్లిపోయారు. ఆ రోజు రెండు పాటలు ఆర్గన్ లేకుండానే లాగించాం.

"ఆంటీ, వై ఆర్ యూ ఆల్వేస్ సో స్కేర్డ్?" అని సండే స్కూలు పిల్ల ఒకతి అడిగింది.

"ఎవరో ఒకరు భయపడాలి కదమ్మా, మీరెవరూ పడట్లేదు" అన్నారావిడ. అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వారు. అందులో నిజమెంతో మాకప్పుడు తెలియదు.

నేను అన్నయ్యా వదినల దగ్గరికి వచ్చి, రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, పియానో నేర్చుకుందామని ఆవిడ దగ్గరికి వెళ్లాను. బాపట్ల వైపు మా మిషన్ హాస్టల్లో మాకు సోల్ఫా నేర్పారు. అంటే డో రే మి అక్షరాలు చూసి పాట ఎత్తుకోవడం వచ్చు, గీతల మీద చుక్కలు చదవడం రాదు. "నాదీ అదే బడి" అని ఆవిడ సంబరపడ్డారు. వాళ్ల హాల్లో పియానో గోడకు ఆనించి ఉండేది కాదు. వాయించే మనిషికి లోపలి గదుల దారి కనపడేలా ఏటవాలుగా వేసి ఉండేది. పాఠం మధ్యలో ఆవిడ హఠాత్తుగా "ఆగు" అనేవారు. వేలు పైకెత్తి, ఇంటి వెనక వైపు చెవి పెట్టి వినేవారు. కుళాయి చప్పుడో, తలుపు చప్పుడో ఏదో వినిపించేది. "ఊఁ, కానియ్" అనేవారు. దొంగల భయం కాబోలు అనుకునేదాన్ని.

అంకుల్ మాకు పెద్దగా కనపడేవారు కాదు. చర్చిలో వెనక బెంచీ, తల వంచుకుని కూర్చోవడం, ప్రార్థన అవగానే కారులోకి. గుంటూరులో లెక్చరర్‌గా చేసి, ఇక్కడ కొన్నాళ్లు ఏవో ఉద్యోగాలు చేసి మానేశారని మాత్రం తెలుసు. బిడియస్తుడు అనేవాళ్లు అందరూ.

ఇక ఆవిడిచ్చే పెళ్లికానుక గురించి. మన సంఘంలో ఏ పిల్ల పెళ్లయినా, అందరూ డిన్నర్ సెట్లూ టోస్టర్లూ ఇస్తే, ఆవిడ తన చేత్తో రాసిన పాటల పుస్తకం ఇచ్చేవారు. ఆ పాటలు ఆవిడవి కావు. ఆప్ షాపులో, అదే పాత సామాన్లు అమ్మే ధర్మదుకాణంలో, చిరిగిపోయిన సంగీతం కాగితాల కట్ట ఒకటి ఆవిడకు దొరికింది. నూరేళ్లకు ముందు బతికిన ఒక జర్మన్ సంగీతకారుడి ప్రేమపాటలు. వాటిని మా బోటివాళ్లకు అర్థమయ్యేలా సోల్ఫాలోకి మార్చి, కింద తనకు తోచిన తెలుగు మాటలు పెట్టి, నల్ల సిరాతో ఒక్కో పాటా రాసేవారు. గట్టి అట్ట, పైన గుడ్డ, చక్కటి కుట్టు. ఎక్కడ బైండు చేయిస్తారో ఎవరూ అడగలేదు.

పాటలు రాస్తూ రాస్తూ ఆ సంగీతకారుడి కథ చెప్పేవారు. "గురువుగారి కూతుర్ని ప్రేమించాడు. ఆ పిల్ల పియానో వాయిస్తే ఊళ్లకి ఊళ్లు కదిలొచ్చేవంట. తండ్రేమో ససేమిరా అన్నాడు. కోర్టుదాకా వెళ్లారు పాపం. చివరికి పెళ్లి ఖాయమైతే, ముందురోజు ఈయన తన పాటలన్నీ అందంగా బైండు చేయించి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. వేరే నగలేం ఇచ్చాడో నాకు తెలీదు." అక్కడితో కథ ఆపేసి పెన్ను మూత పెట్టేసేవారు.

ఇందులో తమాషా ఏమిటంటే, మన వాళ్లెవరికీ అవి ప్రేమపాటలని తెలియదు. చర్చి ఆర్గన్ వాయించే మనిషి, చేత్తో రాసిన పాటలు, అందులో "నా ప్రియుడా" అని మొదలయ్యే చరణాలు. ప్రియుడంటే ప్రభువు కాక ఇంకెవరు? ప్రతి పెళ్లిలోనూ పాస్టర్ గారు ఆ పుస్తకం మీద చెయ్యి పెట్టి స్తోత్రం చెప్పేవారు. ఒక అత్తగారు దాన్ని ప్రార్థన బల్ల మీద పెట్టి, కోడల్ని ముట్టుకోనివ్వలేదని విన్నాను. ఆంటీకి ఇదంతా తెలుసు. "చెప్తే కానుక పుచ్చుకోరు, చెప్పకపోతే పాడుకోరు, నేనేం చెయ్యను" అనేవారు.

ఎనభై తొమ్మిదిలో నాకు సంబంధం కుదిరింది. మెల్‌బోర్న్‌లో చదువుకుని సిడ్నీలో అకౌంట్స్ ఉద్యోగానికి వచ్చిన అబ్బాయి, కాకినాడ వైపు వాళ్లు. నిమ్మళమైన మనిషి. అన్నయ్యకు తెగ నచ్చాడు, నాకూ నచ్చాడు. హాలు బుక్ చేశారు, కార్డులు పంచారు. అప్పుడొక శనివారం ఆర్వో, అదే ఇక్కడివాళ్ల భాషలో మధ్యాహ్నం, మాట్లాడాలి అని ఆయన నన్ను పర్రమట్టాలో పార్కు దగ్గరికి తీసుకెళ్లారు. కారు ఆపి, స్టీరింగ్ మీంచి చేతులు తియ్యకుండానే చెప్పారు.

"యూనివర్సిటీ థర్డ్ ఇయర్‌లో నాకు బాగా బ్రేక్‌డౌన్ అయిందండీ. మెంటల్ హాస్పిటల్‌లో ఉన్నా కొన్నాళ్లు. ఇప్పుడు ఓకే. కానీ ట్యాబ్లెట్స్ వేసుకోవాలి, ఎప్పటిదాకా అంటే తెలీదు. మళ్లీ రాదని డాక్టర్ కూడా చెప్పలేడు. మీకు చెప్పకుండా చేసుకోవడం తప్పు అనిపించింది. మీ అన్నయ్యకి చెప్తారో లేదో మీ ఇష్టం."

మా ఆయన్నీ, ప్రస్తుతం మా ఇంట్లోనే, పక్క గదిలో ఉంటున్న అంకుల్‌నీ అడిగాకే ఇదంతా రాస్తున్నాను. ఇద్దరూ చదివి సరే అన్నారు.

ఆ రోజు నుంచీ నాకు అదే ఆలోచన. అన్నయ్యకు చెబితే పెళ్లి ఆగిపోతుంది, అది ఖాయం. ఆ అబ్బాయి పేరు సిడ్నీ అంతా పాకిపోతుంది. చెప్పకపోతే ఆ భయం నేనొక్కదాన్నే మొయ్యాలి. ల్యాబులో అలాంటి మందులు వాడేవాళ్ల రక్తపు గొట్టాలు రోజూ నా చేతుల మీదుగానే పోయేవి. అంతకుముందు అవి గొట్టాలే. ఇప్పుడు ఒక్కోదాని మీద పేరు చదువుతుంటే, ఇంట్లో వీళ్ల భార్య ఎలా బతుకుతోందో అనిపించేది. ఎవర్ని అడగాలి?

ఈలోగా వదిన, రిసెప్షన్లో ఆంటీ కానుక గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంది. ఆ సంగీతకారుడి గురించి కాస్త తెలుసుకుందామని లంచ్ టైములో లైబ్రరీకి వెళ్లాను. లావుపాటి పుస్తకం తీసి నిలబడే చదివాను. ప్రేమ, కోర్టు, పెళ్లి, పాటల కానుక, అన్నీ ఆంటీ చెప్పినట్టే ఉన్నాయి. తర్వాత పేజీలు కూడా ఉన్నాయి. పిల్లలు పుట్టాక ఆయనకు మతి చలించింది. ఒకరోజు వెళ్లి నదిలో దూకాడు. పడవవాళ్లు బయటికి లాగారు. పిచ్చాసుపత్రిలో పెడితే, చివరి రోజులదాకా భార్యను చూడనివ్వలేదు. ఆమె పియానో కచేరీలు చేసుకుంటూ పిల్లల్ని పెంచింది. పుస్తకం మూసి అరలో పెట్టేశాను.

ఆ సాయంత్రమే ఆంటీ ఇంటికి వెళ్లాను. కోపంగానే వెళ్లాను. "ఈ కథ చివర మీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు" అన్నారు.

"తెలిసి పెళ్లికూతుళ్లకి ఇస్తారా?"

ఆవిడ లేచి వీధి తలుపు గడియ పెట్టి వచ్చారు. నా ఎదురుగా కూర్చుని, "ఏమైంది ఆ అబ్బాయికి?" అన్నారు. నేను ఏడ్చానంతే. ఏడుపు ఆగేదాకా ఉండి అప్పుడు చెప్పారు.

"మా ఆయనకి పెళ్లైన మూడో ఏడు ఈ మతి జబ్బే వచ్చిందమ్మా. దెయ్యం అన్నారు, శాపం అన్నారు. ఇంటి చుట్టూ ప్రార్థన కూటాలు పెట్టారు. ఎవరికీ తెలీని చోటికి పోదామని ఈ దేశం వచ్చాం. వచ్చిన మొదటి చలికాలమే మళ్లీ వచ్చింది. ఆయన హాస్పిటల్లో ఉంటే ఈ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఈ పాటలు రాయడం మొదలెట్టా. రాస్తుంటే చెయ్యి వణకదు. ఆ సంగతప్పుడు కనిపెట్టా."

పాఠం మధ్యలో ఆవిడ వేలెత్తి వినేది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆయన అడుగుల చప్పుడు.

"భయం పోయిందా ఆంటీ?"

"లేదు. పోతుందని నీకు చెప్పను కూడా. పొద్దున లేవగానే ముందు ఆయన మొహం చూస్తా. బాగుందా, టీ పెట్టి మాత్ర చేతిలో పెడతా. బాలేదా, అప్పుడూ టీ పెట్టి మాత్ర చేతిలో పెడతా. కాకపోతే ఆ రోజు మీ పాఠాలు క్యాన్సిల్."

"నన్ను చేసుకోమంటారా, వద్దంటారా?"

"ఆ మాట నేనననమ్మా. చేసుకోమంటే, రేపేదైనా అయితే నన్ను తిట్టుకుంటావు. వద్దంటే, జీవితమంతా ఆ అబ్బాయి ఎలా ఉన్నాడో అని చూస్తూ కూర్చుంటావు." కాగితాలు సర్దుతూ, "నాకైతే ఆయన మంచివాడు. జబ్బు మంచిది కాదు. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి" అన్నారు.

తర్వాత నన్ను వెనక గదికి తీసుకెళ్లారు. అన్నాళ్లుగా ఆ ఇంటికి వెళ్తూ నేనా గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. అంకుల్ నేల మీద పాత దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. పక్కన గిన్నెలో మైదా జిగురు, సూదీ దారం, కత్తిరించిన అట్టలు. హాస్పిటల్లో రోగులకు కాలక్షేపంగా నేర్పిన పని అది, ఆయన వదల్లేదు. ఆంటీ రాసిన పాటల కాగితాలు మడతలు పెట్టి కుడుతున్నారు. పెళ్లికూతుళ్లందరి పుస్తకాలూ ఆ గదిలో కుట్టినవే. నాదీ అక్కడే సగం కుట్టి ఉంది.

ఆయన తలెత్తి నన్ను చూసి, "నువ్వేనా అమ్మా? అట్ట మీదికి ఏ రంగు గుడ్డ వెయ్యమంటావు?" అన్నారు. పక్కన గుడ్డ ముక్కలు పేర్చి ఉన్నాయి. రంగు చెప్పానంటే పెళ్లి చేసుకుంటానన్నట్టే. ఆయన మళ్లీ అడగలేదు, తొందర పెట్టలేదు. సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నారు. ఆంటీ గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ నా కంటే ఎక్కువ భయపడుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. చాలాసేపటికి, "మెరూన్" అన్నాను.

పెళ్లిలో పాస్టర్ గారు ఆ మెరూన్ పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. మా అన్నయ్య మైకు పుచ్చుకుని అందులో ఒక చరణం చదివి, "ప్రభువు మీద ఎంత ప్రేమండీ" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆర్గన్ దగ్గర ఆంటీ తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నారు. నేను వేలికున్న ఉంగరం వైపు చూసుకుంటూ, ఇప్పట్నుంచి ఈయన మొహం నేను రోజూ చూడాలి అనుకున్నాను.

మేం సిడ్నీలోనే లివర్‌పూల్ వైపు అద్దెకున్నప్పుడు, పెళ్లయిన రెండో ఏడు, మా ఆయనకు ఆ జబ్బు మళ్లీ వచ్చింది. ఆఫీసుల్లో మనుషుల్ని తీసేస్తున్న రోజులవి. ఆయనకు నిద్ర కరువైంది, మాట ఆగేది కాదు, తర్వాత మాటే లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది, ఈ రోజు రాలేదేమిటని. పొద్దున టై కట్టుకుని వెళ్లిన మనిషి. నేను ఆంటీకి ఫోన్ చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు. కాసేపటికి మా ఇంటి ముందు ఆవిడ కారు ఆగింది. హైవే మీదుగా వచ్చారు. దిగుతుంటే తాళంచెవి రెండుసార్లు కింద పడింది.

"ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని" అన్నారు. తర్వాత ఇద్దరం వెతకడానికి వెళ్లాం. స్టేషన్లో, ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద ఉన్నారాయన. వచ్చే రైళ్ల వైపు చూస్తున్నారు. ఎక్కడం లేదు. ఒక రైలు వస్తున్న చప్పుడు వినపడితే నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను. ఆంటీ మాత్రం నడుచుకుంటూ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారు. ఆ రైలు వచ్చి వెళ్లిపోయేదాకా ఆయన చొక్కా అంచు వదల్లేదు. అప్పుడన్నారు, "నాకు ఒక్కదానికి భయంగా ఉంది బాబూ. కారుదాకా తోడు వస్తావా?"

ఆయన లేచారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా మెట్లెక్కించి తీసుకొచ్చారు. ఆంటీ అబద్ధమాడలేదు, ఆవిడకు నిజంగానే భయంగా ఉంది. మా ఆయన ఈ రోజు ఉన్నారంటే ఆ భయం వల్లే అని నా నమ్మకం.

కొన్ని వారాలు హాస్పిటల్లో ఉండి మళ్లీ మనిషయ్యారు. అన్నయ్యకు మాత్రం ఆఫీసు పని మీద మెల్‌బోర్న్ వెళ్లారని చెప్పాను. ఆంటీకి అది నచ్చలేదు. "నేనూ ఎవరికీ చెప్పలేదమ్మా, ఇన్నేళ్లు దాచా. అదొక్కటీ నన్ను చూసి నేర్చుకోకు" అన్నారు. "నేను ముందు పోయాననుకో, ఈయన సంగతి ఎవరికి తెలుసు? అందరూ బిడియస్తుడనుకుంటున్నారు." అన్ని భయాల్లోకీ పెద్దది అదేనని అప్పుడు తెలిసింది. అయినా నేను అన్నయ్యకు చెప్పలేకపోయాను. వాళ్ల దగ్గర్లో ఉందామని టూంగాబీకి మాత్రం మారిపోయాం.

మొదట చెప్పిన ఆ మంగళవారం, నిద్రలోనే పోయారావిడ, గుండె ఆగి. నేను వెళ్లేసరికి అంకుల్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు, రెండు టీ కప్పులూ ఎదురుగా పెట్టుకుని.

శుక్రవారం సమాధి కార్యక్రమం అయ్యాక అందరం చర్చి హాల్లో భోజనాలకు చేరాం. మూడు రోజులూ ఎవరో ఒకరం ఆయన పక్కనే ఉన్నాం. స్నానానికి నీళ్లు పెట్టాం, అన్నం పెట్టాం. హాల్లో ఆయన అంచు కుర్చీలో కూర్చున్నారు. కంచం ముట్టలేదు. చెయ్యి అదురుతోంది, చూపు ఒక చోట నిలవడం లేదు. పాస్టర్ గారు వచ్చి ధైర్యం చెప్పి వెళ్లారు. మా అన్నయ్య, "పాపం, మొదట్నుంచీ మాటకారి కాదు" అంటున్నాడు ఎవరితోనో. ఏదో మర్చిపోయాం, ఏమిటో నాకు తట్టలేదు.

మా ఆయన కంచం పక్కన పెట్టి లేచారు. అంకుల్ ముందుకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, మామూలు గొంతుతో అడిగారు. "అంకుల్, మాత్ర వేసుకుంటున్నారా?"

"ఆవిడ ఇస్తుందిగా" అన్నారు అంకుల్.

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. మా ఆయన నా వైపు తిరిగి, "వాళ్ల కిచెన్లో టీ డబ్బా పక్కన ఉంటాయి, పట్రా" అన్నారు. నేను పరిగెత్తాను, పక్క వీధే. తిరిగొచ్చేసరికి ఎవరూ కదల్లేదు, మా ఆయనింకా అలాగే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. డబ్బా మీద రాసింది చదివి, ఒక మాత్ర అంకుల్ అరచేతిలో పెట్టారు. తర్వాత తన కోటు జేబులోంచి ఒక మాత్రల స్ట్రిప్ తీశారు. అన్నేళ్లుగా నేను బీరువాలో, బట్టల అడుగున దాచే స్ట్రిప్.

"ఇది మీది అంకుల్. ఇది నాది. పొద్దున హడావుడిలో నేనూ వేసుకోలేదు."

"మీకేమైంది బావగారూ?" అన్నాడు అన్నయ్య.

"అంకుల్‌కి ఉన్నదే, బావగారూ. యూని రోజుల నుంచీ ఉంది" అన్నారు మా ఆయన, వెనక్కి తిరగకుండానే.

నేను అన్నయ్య వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. ఎవరో నా చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చారు, నేను దాన్ని అంకుల్‌కి ఇచ్చాను. ఆయన మాత్ర నోట్లో వేసుకుని, సగం నీళ్లు తాగి, మిగతా సగం మా ఆయన చేతిలో పెట్టారు.